లింబాద్రి జ్వరం

"మళ్ళీ వచ్చి వెళ్ళాడు మేడమ్," అంది వాణి, ఫైలు బల్ల మీద పెడుతూ.

"ఎవరు?" అంది డాక్టర్ అస్రా.

"లింబాద్రి."

మస్కట్‌లోని రూవిలో అదో ప్రైవేటు క్లినిక్. లిఫ్టు పక్కన కిటికీ లేని గదిలో కూర్చుని, డాక్టర్లు రాసిన జబ్బుల పేర్లను ఇన్సూరెన్సు కోసం కోడ్ నంబర్లుగా మార్చడం వాణి డ్యూటీ. రోగి ఇన్సూరెన్సు కార్డు నంబరు కొడితే ఫైలు తెరుచుకుంటుంది. రోగుల మొహాలు ఆమెకు తెలియవు. ఫైళ్ళే తెలుసు.

లింబాద్రికి నలభై రెండేళ్ళు. ఊరి బయట రుసైల్‌లో గోదాం పని. మొదటిసారి మూడు రోజుల జ్వరంతో వచ్చాడు. మలేరియా కాదు, డెంగీ కాదు. డాక్టరు ఉత్త 'జ్వరం' అని రాశాడు. వాణి ఆర్ యాభై పాయింట్ తొమ్మిది వేసింది. అంటే జ్వరం, కారణం తెలియదు.

తొమ్మిది రోజులకు మళ్ళీ జ్వరం. వేరే డాక్టరు, అదే మాట, అదే కోడ్. ఇంకో ఎనిమిది రోజులకు మళ్ళీ.

మొదటిసారి బరువు డెబ్భై ఒక్క కిలోలు. తర్వాత అరవై నాలుగు. ఇప్పుడు అరవై. మొదటి కాగితం మీద తెలుగు సంతకం ఉంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసినట్టు. రెండో కాగితం మీద వేలిముద్రే. కలం పట్టుకునే ఓపిక కూడా పోయింది కాబోలు. వాణి ఆ ముద్రను చాలాసేపు చూసింది.

ఆరేళ్ళ కింద ఆమె భర్త ఆఖరి మందుల చీటీ మీదా అదే మాట ఉంది. జ్వరం, కారణం తెలియదు.

"ఏ అరవై ఎనిమిది అనే కోడ్ ఒకటుందండి," అంది వాణి. "తిరగబెట్టే జ్వరం. డాక్టరు రాయనిది నేను వెయ్యకూడదు."

"ఏంది వాణీ, కంప్యూటర్ ఇడిచిపెట్టి స్టెతస్కోప్ పట్టినవా?" అస్రా హైదరాబాదామె. నవ్వుతూనే ఫైలు తీసుకుంది.

"ముగ్గురు డాక్టర్లు తలోసారి చూశారు. మూడూ ఒకచోట చూసింది నేనేనండి."

అస్రా తేదీలు లెక్కపెట్టింది. నవ్వు ఆగిపోయింది.

"పేలతోని వస్తది ఇది. ఇరుకు రూముల్ల ఉండేటోళ్ళకు. మళ్ళొస్తే నా దగ్గరికే పంపమని రిసెప్షన్‌ల చెప్పు. జ్వరం ఉన్నప్పుడే రక్తం తియ్యాలె."

పది రోజులకు కార్డు నంబరు మళ్ళీ కనిపించింది. అస్రా రక్తం తీయించి, ల్యాబుకు పంపింది.

"ఎలా ఉన్నాడండీ?" సాయంత్రం వాణి అడిగింది.

"వణుకుతున్నడు. నోరు విప్పడు. నాలుగోసారి కదా అంటే తల దించుకున్నడు."

ఈసారి బరువు అరవై ఆరు. మధ్యలో కాస్త తిన్నాడన్నమాట. వాణికి ప్రాణం కుదుటపడింది.

మర్నాడు రిపోర్టు వచ్చింది. రక్తంలో మెలికలు తిరిగిన సన్నటి క్రిములు. అస్రా ఫైల్లో జబ్బు పేరు రాసింది. వాణి ఏ అరవై ఎనిమిది కొట్టింది. జ్వరానికి కారణం తెలిసింది.

మందు వెంటనే మొదలుపెట్టాలి. మనిషేమో నిన్ననే రుసైల్ వెళ్ళిపోయాడు. ఫైల్లోని నంబరు స్విచ్ఛాఫ్. శుక్రవారం, కంపెనీ ఆఫీసు సెలవు.

కింద ఇంకో నంబరుంది. భార్య చిన్నవ్వ, జగిత్యాల దగ్గర ఊరు. రోజుకోసారైనా ఇంటికి ఫోన్ చెయ్యని గల్ఫ్ మనిషి ఉండడు. ఆమె చెబితే వింటాడు. అది తన పని కాకపోయినా వాణి ఫోన్ కలిపింది.

"చిన్నవ్వగారాండీ? మస్కట్ క్లినిక్ నుంచి వాణిని. లింబాద్రి గారి జ్వరం ఏంటో తెలిసిందండీ."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏం జరమట?"

"తిరగబెట్టే జ్వరం. వదిలేస్తే ప్రమాదమే. దొరికింది కాబట్టి భయం లేదు."

"దానికి మందున్నదా, బిడ్డా?"

"ఎందుకు లేదమ్మా! వారం రోజులు మాత్రలు వేసుకుంటే చాలు. ఇవాళే మా దగ్గరికి రమ్మని ఒక్క మాట చెప్పండి."

చిన్నవ్వ గొంతు, ఎవరికో దారి చెబుతున్నంత నిదానంగా వినిపించింది.

"మొదటిసారి జరం తగ్గంగనే, కార్డులు రాని రూమోళ్ళకు అక్కరకొస్తదని తన కార్డు ఆళ్ళ చేతుల పెట్టి ఇంటికొచ్చిండు బిడ్డా, మల్ల గదే జరంతోని పానం పోయి ఇయ్యాల్టికి పదిహేను దినాలాయె."