ఇరవై రెండో దినం

తన గిన్నెకోళ్లు నాగుపామును పొలిమేర దాకా తరిమినయని హనోకు తాత నవీపేట్ సంతలో చెప్పుకోని వారం లేదు. గా ముచ్చట నమ్మి గుడ్లు కొన్న పక్కవాడ వాజిదా, ఆ గుడ్ల గంపను తెచ్చి అతని ముందు దించింది.

"ఇరవై రెండు దినాలు నా నాటుకోడి పొదిగింది తాతా. ఒక్క పిల్ల లేదు. అన్నీ మురిగినవే అంటగట్టినవు!"

"ఆగు బిడ్డా..."

ఆమె ఒక గుడ్డును రాయికేసి కొట్టింది. పెంకులో తడి ఈకల పిల్ల ఒక్కసారి కాలు కదిపి ఆగిపోయింది.

"నాటుకోడి గుడ్డుకు ఇరవై ఒకటి. గిన్నెకోడి గుడ్డుకు ఇరవై ఎనిమిది దినాలు," అన్నడు తాత మెల్లగా.

"పాము ముచ్చట గంటసేపు చెప్పినవు. గీ ఒక్క మాట చెప్పనీకి నోరు రాలేదా?"

ఇంకా వెచ్చగున్న మిగతా గుడ్ల మీద తాత తన తువ్వాల కప్పిండు.

"ఉరుకు, కోడి కింద పెట్టు. గా పామును నేనే కల్పించిన బిడ్డా. నా కోళ్లు కప్పను చూసినా పారిపోతయి."