దుప్పటి కింద చుట్టం

ఊరి ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, ఈ ఆదివారం మా ఇంట్లో నాన్ రొట్టెలు చేయబడినవి.

మైదాలో పెరుగు, ఈస్టు వేసి కలిపాను. వెచ్చగా ఉంచితేనే పిండి పొంగుతుందట. మా వంటిల్లేమో చలికి వణుకుతోంది. అందుకని గిన్నెను మంచం మీద, ఒకప్పుడు మా ఆవిడ పడుకునే వైపు పెట్టి, దుప్పటి కప్పాను.

అంతలో పక్కింటి అక్క తలుపు కొట్టింది.

"ఉష్, మెల్లగా అక్కా! చుట్టం పడుకుంది."

అక్క మంచం వైపు తొంగిచూసి గొంతు తగ్గించింది. "ఎవర్రా? ఎన్నాళ్లకి నీ ఇంటికో మనిషొచ్చింది!"

"రెండు గంటల్లో లేస్తుంది. అప్పుడు నువ్వే చూద్దువుగాని."

సరిగ్గా రెండు గంటల తర్వాత మళ్లీ వచ్చి, దుప్పటి తీసి, గిన్నె చూసి నా వీపు మీద ఒక్కటిచ్చింది. "నీ వేషాలు తగలెయ్య!" అని తిడుతూనే, నేను పెనం మీద కాల్చినవి కాల్చినట్టు నాలుగు తినేసింది. "దూదిలా ఉన్నాయిరా," అంది.

ఇక కల్పించినవేవో చెప్పేస్తాను. అక్క రాలేదు. తలుపు ఎవరూ కొట్టలేదు. నాన్లు మెత్తగా వచ్చిన మాట నిజం. దుప్పటి నిజం. ఆ రెండు గంటలూ, ఎక్కడ నిద్ర చెడుతుందోనని నేను ఇంట్లో మునివేళ్ల మీద తిరిగింది కూడా నిజం.