పొద్దున్నే యాకూబ్ ఎటు పోతున్నట్టు?

"వాడు దొంగచాటుగ పనికే పోతున్నడు. కావాల్నంటే రాసిస్త," అన్నాడు హన్మంతు, సమ్మె టెంటులో అందరూ వినేటట్టు.

వాడంటే యాకూబ్. భూపాలపల్లి బొగ్గుగనిలో హన్మంతు షిఫ్టువాడే. సకల జనుల సమ్మె మొదలై అప్పటికి ఇరవై రోజులు. తెలంగాణ వచ్చేదాకా గనిలో దిగేది లేదని అందరూ ఒట్టేసుకున్నారు. క్వార్టర్లలో చాలా పొయ్యిలు ఒంటిపూటకు దిగాయి. అలాంటిది యాకూబ్ రోజూ మొదటి షిఫ్టు వేళకు సైకిలుకు పార కట్టుకుని గని దారి పడుతున్నాడు. పొద్దెక్కాక చేతుల నిండా మట్టితో తిరిగొస్తున్నాడు.

హన్మంతుకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలు చూసి తాగే రకం కాదు, పాలు పోసినవాడి మొహం చూసి తాగే రకం. అతన్ని ఎక్కువగా మండించింది యాకూబ్ నెమ్మది. ఇల్లు గడవక అందరూ తిట్టుకుంటుంటే యాకూబ్ ఒక్కనాడూ గొణగలేదు. ఎవరైనా కదిలిస్తే, కష్టం ఇచ్చిన అల్లాయే దాన్ని దాటే బలమూ ఇస్తాడని, జర సబర్ పట్టమని చెప్పేవాడు. కడుపు నిండినవాడికి ఓపికకేం తక్కువ, అనుకునేవాడు హన్మంతు. రుజువు దొరికితే యాకూబ్‌ను యూనియన్ నుంచి వెలివేయాలని, ఎవరూ అతనితో మాట్లాడకూడదని టెంటులో తీర్మానం కూడా చేయించాడు.

మర్నాడు పొద్దున్నే రుజువు కోసం బయల్దేరాడు. ముందు యాకూబ్ సైకిలు, వెనక దూరంగా హన్మంతు సైకిలు. గని గేటు కనిపిస్తుండగానే యాకూబ్ పక్కదారికి తిరిగాడు. ఆ దారిలో ఖబరస్తాన్ తప్ప ఇంకేమీ లేదు. గనిలోకి ఇటు నుంచి దొంగదారి ఉండి ఉంటుందని హన్మంతు గోడ చాటున నక్కాడు.

యాకూబ్ ఒక మూల కూర్చుని, వానకు కుంగిపోయిన మూరెడు మట్టికుప్పను పారతో సరిచేశాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి దువా చేశాడు. హన్మంతు దాక్కోలేకపోయాడు.

"ఎవరిది తమ్మీ?"

"నా బిడ్డది, అన్నా. గడియ సేపు గూడ బతకలే."

అతని భార్య కాన్పుకు కాటారంలోని పుట్టింటికి పోయింది. నొప్పులు మొదలైతే వాళ్లమ్మ ఆటోలో ఇక్కడి దవాఖానకు తీసుకొస్తోంది. ఆ వారమంతా అన్ని రోడ్ల మీదా రాస్తారోకోలే; టెంటువాళ్లంతా వంతులవారీగా కూర్చున్నారు. దారిలో ఆటో ఆపినవాడు నొప్పులన్న మాట నమ్మలేదు. ఆటో రెండు గంటలు అక్కడే నిలబడిపోయింది.

హన్మంతు సిగ్గుతో కుంచించుకుపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి మాతోని ఒక్క మాట చెప్పకపోతివి?"

"చెప్తే కొట్లాట అయితది. తెలంగాణకు చెడ్డపేరొస్తది. ఇచ్చినోడే తీస్కున్నడు, మనం గూడ ఆయన దగ్గరికే పోవాలె. ఏడుపొస్తే గీడికొచ్చి ఏడుస్త. గానీ ఎవ్వల్నీ శపించ."

ఆ నెమ్మది చూసి హన్మంతుకు ఈసారి కోపం ఇంకొకడి మీదికి మళ్లింది. పిడికిలి బిగించాడు.

"ఆటో ఆపినోడు ఎవడో చెప్పు. టెంటు ముంగట నిలబెట్టి తోలు తీస్త."

"వద్దన్నా. అడగకు."

"ఎందుకు దాస్తున్నవ్? వాడేమన్న నీకు చుట్టమా?" హన్మంతు చూపులో మళ్లీ అనుమానం తొంగిచూసింది.

యాకూబ్ పారకు అంటిన మట్టిని చేత్తో తుడిచాడు.

"బుర్ఖాల ఉన్న మా ఆమెను నువ్వు గుర్తువట్టలే. ఆమె నిన్ను గుర్తువట్టింది, అన్నా."