తూటాలకు ఏసీ

గల్ఫ్‌లో హౌస్ డ్రైవర్ రామాంజులు, తన అరబ్బు యజమాని తూటాల కోసం వేయించిన కారు ఏసీ ఆపేసి, తూటాల పెట్టెను తీసి ఎండ కాసే డాష్‌బోర్డు మీద పెట్టాడు.

"పాగల్ అయినవా అన్నా? తూటాల మందు వేడెక్కితే గురి తప్పుతది! ఇయ్యాల నీ కఫీల్‌కు పోటీ ఉన్నది," అన్నాడు ముత్యం. స్టేడియం కట్టే పని అయిపోయాక ఈ షూటింగ్ రేంజ్‌లో టార్గెట్లు నిలబెడుతున్నాడతను.

"తప్పాలనే పెట్టినా. పేరుకే కఫీల్, ఫీలింగే లేదు! మొన్న ఈడనే నేను ఎండకు కళ్లు తిరిగి పడితే, నన్ను దాటుకోని పోయి, పెట్టె వేడెక్కిందేమోనని తడిమినాడు. తూటాలకు ఏసీ, నాకు బయట ఎండ!"

"తెలిస్తే కొలువు తీసి ఇంటికి తోలుతడే!"

"తెలిస్తే కదా!"

పిలుపు రాగానే పైవేడి తెలియకుండా పెట్టెను తడిగుడ్డతో తుడిచి కఫీల్‌కు అందించాడు.

మధ్యాహ్నానికి కఫీల్ ఓడి వచ్చాడు. అంత ఎండలోనూ రామాంజులు కడుపు చల్లబడింది.

కఫీల్ అతనివైపు చూడకుండానే వెనక సీట్లో కూలబడ్డాడు. "ఈ మందు ఎండకు మారిపోతోంది. రేపు వేరే రకం కొంటాను. రోజంతా కాల్చినా, ఎండలో పెట్టినా మారదట. ఇక కారులో ఏసీ మాఫీ, అక్కర్లేదు. యల్లా, పోనీ!"

"బతికిపోయినవ్ అన్నా," కిటికీ దగ్గర గొణిగాడు ముత్యం.

రామాంజులు కడుపు మళ్లీ భగ్గుమంది. కఫీల్ మందును అనుమానించాడు గానీ మనిషిని అనుమానించలేదు. పగబట్టేపాటి మనిషిగా కూడా తనను లెక్కలోకి తీసుకోలేదు!

తాళం తిప్పబోయిన చెయ్యి ఆగింది.

"మందు మంచిదే బాబా. పెట్టెను ఎండలో పెట్టింది నేను."

ఇన్నేళ్లలో మొదటిసారి కఫీల్ ముందుకు వంగి అతని ముఖంలోకి చూశాడు. రామాంజులు చూపు దించలేదు.