ఐదో సాలీడు

బట్టల కొట్టు కింది నేలమాళిగలో ఎవరినీ బూజు దులపనివ్వడని కాపలా తాతకు పేరు. తలకు తగిలే పైకప్పుకు, చివరి గోడ నుంచి మెట్లదాకా వరసగా ఐదు సాలెగూళ్లు, గూటికో సన్నకాళ్ల సాలీడు. మనిషి ఊపిరి తగిలితే చాలు, గిరగిరా ఊగిపోతాయి. చీకట్లో నక్కిన ఇద్దరు దొంగలను తాత అలాగే పట్టాడు. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

ఆ రాత్రి కొట్టు కొత్త యజమానురాలు ఆయనతో పాటు కిందికి దిగి, మెట్ల దగ్గరే ఆగి ముక్కు చిట్లించింది.

"రేపు ఈ బూజంతా దులిపించి కెమెరా పెట్టిస్తా తాతా."

"నా సైన్యం ఉండగా కెమెరా ఎందుకమ్మా?"

అంతలో చివరి గోడ దగ్గరి సాలీడు ఊగింది. బల్బు వెలుగులో గదంతా ఖాళీగా కనిపిస్తోంది. కిటికీ కూడా లేదు.

"గాలికేమోలే," అందామె.

తాతకు పౌరుషం పొడుచుకొచ్చింది. "గాలికి ఊగే రకాలు కావమ్మా నావి. మనిషుంటేనే ఊగుతాయి. ఇన్నేళ్లలో ఒక్కసారీ పొరపడలేదు."

మొదటిది ఆగింది. దాని ఇవతలిది ఊగింది. అదీ ఆగాక మూడోది అందుకుంది. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

"తాతా, పైకి పోదాం పద." ఆమె తాత చొక్కా పట్టి లాగింది.

నాలుగోది ఊగింది. తాత చెయ్యి మీసం మీదికి పోయింది. ఐదోది సరిగ్గా వాళ్ల నెత్తి మీదే, వాళ్ల ఊపిరికి ఇందాకటి నుంచీ ఊగుతూనే ఉంది.

"ఊపిరి బిగపట్టండమ్మా," అన్నాడు తాత. "లేకపోతే అది మన వల్లే ఊగిందంటారు."