రేకు మింగిన ప్రింటర్

ప్రింటర్ మీద ఎర్ర లైటు ఆరి ఆరి వెలుగుతోంది.

శ్రీదుర్గ స్విచ్ ఆపింది. వైరు పీకి మళ్లీ పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. ఎర్ర లైటు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది.

"పొద్దున్నే ఒక లేబుల్ తీసేను. చక్కగా వచ్చింది. పాలకెళ్లి వచ్చేసరికి ఇదీ వరస," అంది, షారోన్ వంక చూస్తూ.

బల్ల మీద పూతరేకుల పెట్టెలు దొంతరలుగా ఉన్నాయి. మధ్యాహ్నం కొరియర్ బండి వచ్చేలోపు అన్నిటి మీదా లేబుళ్లు పడాలి.

ఆత్రేయపురంలో రేకులు తీసే ఇళ్లకు కొదవ లేదు. ఇంట్లో ప్రింటర్ పెట్టుకుని ఊరూరా పంపేవాళ్లే తక్కువ. శ్రీదుర్గ అలా నిలదొక్కుకుంది. రేకులు అత్తగారు సత్యనారాయణమ్మ తీస్తుంది. నెయ్యి రాసి, బెల్లం చల్లి, చుట్టి, పెట్టెల్లో సర్దేది షారోన్. ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తోంది. ఈ పని పోతే షారోనూ ఆ దారే పట్టాలి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

రావులపాలెం మెకానిక్ సత్తిరాజు ఫోన్లో దొరికాడు.

"ఏదో ఇరుక్కుందండి. వెనకాల మూత తియ్యండి."

తీసింది. ముందు చీమలు కనిపించాయి. లోపల రబ్బరు చక్రాలకు తెల్లగా ఏదో అతుక్కుని ఉంది. గోటితో గీకితే పొరలు పొరలుగా రాలింది. శ్రీదుర్గ వేళ్ల మధ్య నలిపి చూసింది. ఆ ఊరి కోడలికి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు.

"పూతరేకండి ఇది."

అవతల సత్తిరాజు నవ్వాడు. "నా సర్వీసులో బొద్దింకల్ని తీసేను, బల్లిపిల్లని తీసేను. ప్రింటర్‌కి పలహారం పెట్టినోళ్లని మాత్రం చూళ్లేదండి. పైమూత ఎత్తండి. అద్దం మీద ఏమన్నా ఉందాండి?"

ఉంది. పొద్దున తీసిన లేబులే, నీలం అక్షరాలది, అద్దం మీద బోర్లా పడుకుని ఉంది.

"అయితే ఎవరో కాగితం బదులు రేకు పెట్టి కాపీ మీట నొక్కేరండి. సగం రేకు అచ్చుపడి బయటికొచ్చేసే ఉంటుంది. దానంతటది నొక్కుకోదు కదండీ. తడిగుడ్డతో చక్రాలు తుడిచి ఉంచండి, సాయంత్రం వస్తాను."

శ్రీదుర్గ ఫోన్ పెట్టేసింది.

"రోజూ ఆ మీట నొక్కేది నువ్వే కదా షారోన్?"

"ఇవాళ నొక్కలేదు అక్కగారండి. అరుగు మీద పెట్టెలు మడుస్తున్నాను."

"మరి రేకు కాళ్లొచ్చి నడిచిందా?"

"ఏమోనండి."

ఆ 'ఏమోనండి' శ్రీదుర్గకు నచ్చలేదు. మొన్న కాకినాడ పెళ్లివారు ఫోన్ చేశారు. రేకుల మీద పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురు పేరూ కనిపించాలన్నారు. అత్తగారు వింటుండగానే అలా కుదరదంది శ్రీదుర్గ. వాళ్లు ఆ ఆర్డరు వెనక వీధిలో రేకులమ్మే మాధవీలతకు ఇచ్చేశారు. ఆ సాయంత్రమే కాలవగట్టు మీద మాధవీలత పక్కన షారోన్ కనిపించింది.

"ఏం ఇస్తానందేంటి మాధవీలత? నా ప్రింటర్ పాడుచేస్తే."

"సైకిల్లో గాలి పోతే పంపు అడిగేనండి, అంతే."

"పంపు అడగడానికి అంత నవ్వాలా?"

వెనక పంచలో సత్యనారాయణమ్మ బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. కింద కొబ్బరాకు మంట. పిండిలో గుడ్డ ముంచి కుండ మీద లాగుతోంది. మామూలుగా అయితే ఆవిడ చెయ్యి ఆగదు, నోరూ ఆగదు. తుఫానులో కొట్టుకొచ్చిన మంచం కథ, పుష్కరాల్లో తప్పిపోయిన పెదనాన్న కథ, ఏ రేకు తీస్తే ఆ రేకుకి ఒకటి. ఇవాళ మాట లేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పన్ను నొప్పా అని కోడలు అడిగితే బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. లవంగం ఇస్తే తీసుకుంది. కాఫీ అటు తిరిగి తాగింది.

ఆవిడకు ప్రింటరంటే భయం. కరెంటు పెట్టె, ఎప్పుడు షాక్ కొడుతుందోనని. షారోన్ పని చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూస్తుంది. "నా కుండ మీద రేకు లేచినట్టే లేస్తోందే కాగితం," అని ముచ్చటపడుతుంది.

"మీరే చెప్పండి అత్తయ్యగారూ," అంది శ్రీదుర్గ పంచలోకి వచ్చి. "నేను లేనప్పుడు ఈ పిల్ల ఆ గదిలోకి వెళ్లిందా, లేదా?"

సత్యనారాయణమ్మ లేదన్నట్టు తల ఊపింది.

"మీరిక్కడ ఉంటారు, అక్కడేం జరిగిందో మీకేం తెలుస్తుంది? అయినా దాన్ని ఎప్పుడూ వెనకేసుకొస్తారు. ఇవాళ మీకూ ఒక్క మాట రావట్లేదు చూసేరా?"

కుండ మీది రేకు చిరిగింది. ఆ చేతిలో రేకు చిరగడం షారోన్ ఎన్నడూ చూడలేదు.

"ప్రింటర్ గది తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లు," అంది శ్రీదుర్గ. "ఇంట్లో ఉండి ఇల్లు తవ్వేవాళ్లు నాకొద్దు."

షారోన్ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. చున్నీ సర్దుకుంది.

"ఆయ్, వెళ్తానండి. అమ్మకి ఫోన్ చేసి వీసా చూడమంటాను. మామ్మగారండీ, పన్ను నొప్పి తగ్గకపోతే ఉప్పునీళ్లు పుక్కిలించండి."

గుమ్మం దిగి సైకిల్ స్టాండు తీసింది.

పంచలో పిండిగుడ్డ నేల మీద పడింది.

"ఆగవే షారోనూ, నువ్వెక్కడికీ పోకు," అంటూ కొంగు తీసేసి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చిన సత్యనారాయణమ్మ నోట్లో నాలుక, లేబుల్ మీది అక్షరాల రంగులో, నీలంగా ఉంది.