ఎత్తంటే భయం

ఎత్తయిన మేడల అద్దాలు తుడిచేవాళ్ళందరికీ ఇప్పుడు కంపెనీలే హిప్నోథెరపీ చేయిస్తున్నాయి. తవిటయ్యకు నిన్ననే అయింది. "నిద్దరా కాదు, మెలకువా కాదే. ఎవరో మెత్తగా మాటాడతంటే ఎత్తంటే ఉన్న బయమంతా కరిగిపోనాది," అని భార్య పైడమ్మకు మురిసిపోతూ చెప్పాడు.

ఈ పొద్దున ఆమె చేపలు కడుగుతూ తలెత్తేసరికి మూడేళ్ళ కూతురు వాళ్ళుండే పదో అంతస్తు బాల్కనీ పిట్టగోడ మీద నిలబడి ఉంది. పక్కనే తవిటయ్య తాపీగా టీ తాగుతున్నాడు. కేక వేస్తే పిల్ల ఉలిక్కిపడుతుందని పైడమ్మ పెదవి కొరుక్కుంటూ, మునివేళ్ళ మీద నడిచివెళ్ళి, వెనకనుంచి గబుక్కున వాటేసుకుంది.

"అంత కంగారెందుకే? కంపెనీవోళ్ళు మా పెళ్ళాలకి కూడా సేయిస్తారంట, రేపు నీకూ," అని నవ్వాడతను.

"నానొల్ల," అంది ఆమె, పిల్లను దింపకుండానే. "ఈ ఇంట్లో ఒక్కరికైనా బయముండాల."